కనుమ రోజు 31 మంది, ఒక్క ఫొటో: మా కుటుంబ ఫొటో షూట్ రివ్యూ

ఇది కొంచెం పొడుగు రివ్యూ. ఇంటిల్లిపాదీ కలిసి ఫొటో తీయించుకోవాలని అనుకుంటున్నవాళ్ళకి, అందులోనూ ఇంట్లో బాగా పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళకి పనికొస్తుందని అన్నీ వివరంగా రాస్తున్నాను. ఫొటోగ్రాఫర్ పేరు మాత్రం రాయడం లేదు. ఆవిడ గోదావరి జిల్లాల్లోనే పని చేస్తారు, తోడు ఒక అసిస్టెంట్ అబ్బాయి తప్ప ఇంకెవరూ లేరు, నెలకి మూడు నాలుగు షూట్లకి మించి ఒప్పుకోరు, పేరు బయట పెట్టొద్దని ఆవిడే అడిగారు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, మీరు ఎవరిని మాట్లాడుకున్నా ముందు ఏం అడగాలో, షూట్ రోజు ఏం గమనించాలో ఆవిడ పని చూశాకే నాకు తెలిసింది. నేను కూడా ఏడెనిమిదేళ్ళుగా సరదాకి ఫొటోలు తీస్తాను కాబట్టి లెన్సుల సంగతి, లైటు సంగతి కాస్త అర్థమవుతుంది. కానీ మనుషుల్ని నిలబెట్టడం, కూర్చోబెట్టడం, వాళ్ళ చేత పని చేయించడం వేరే విద్య అని ఆ రోజే కళ్ళారా చూశాను.

మాది కోనసీమ. అమ్మమ్మ వాళ్ళది పాత మండువా లోగిలి. తూర్పు ముఖం, ముందు పొడుగాటి అరుగు, లోపల నాలుగు వైపులా వసారా, మధ్యలో ఆకాశం. ఈ పుష్యమాసంతో అమ్మమ్మకి ఎనభై నిండాయి. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ రోజు ఎవరూ ఊరు దాటరు కాబట్టి మేమందరం ఒకచోట దొరికేది ఆ ఒక్కరోజే. మొత్తం 31 మంది. అందరికన్నా చిన్నది పదకొండు నెలల పాప.

దీని వెనక ఒక బాధ ఉంది. 2019లో మా ఇంట్లో పెళ్ళయింది. ఆల్బమ్ ఎత్తాలంటే రెండు చేతులు కావాలి, అంత బరువు. అందులో తాతయ్యతో కుటుంబమంతా ఉన్న ఫొటో ఒక్కటే, అందులో తాతయ్య కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆ రోజు వచ్చిన ఫొటోగ్రాఫర్ భోజనాల తొందరలో వీడియో లైటు మొహాల మీదే పెట్టించి, ‘అందరూ ఇటు చూడండి, స్మైల్’ అని రెండుసార్లు నొక్కి వెళ్ళిపోయాడు. రెండో ఫొటోలో మావయ్య పక్కకి తిరిగిపోయారు. 2021లో తాతయ్య వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఆ ఫొటో చూసిన ప్రతిసారీ, ఇంకో పది నొక్కి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. అందుకే ఈసారి నేను డబ్బు దగ్గర కాకుండా మనిషి దగ్గర వెతికాను. ముగ్గురితో మాట్లాడాను. ఇద్దరు వెంటనే ప్యాకేజీ రేట్లు పంపారు, డ్రోన్ కావాలా అని అడిగారు. ఈవిడ ఒక్కరే ‘మీ అమ్మమ్మ గారు ఎంతసేపు కూర్చోగలరు?’ అని అడిగారు. ఆ ప్రశ్నకే నేను అడ్వాన్స్ పంపేశాను.

పండక్కి వారం ముందు ఒకసారి ఇంటికి వచ్చి చూసి వెళ్ళారు. ఉత్తినే చూడడం కాదు, ఉదయం పదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి వెలుగు ఎక్కడ పడుతుందో చూసుకున్నారు. అరుగు ఎత్తు జానలతో కొలిచారు. తర్వాత నాకు వాట్సాప్‌లో ఒక జాబితా అడిగారు. ఎవరెవరు వస్తారు, వరసలేంటి, ఎవరికి మోకాళ్ళ నొప్పులు, ఎవరికి చెవులు సరిగ్గా వినిపించవు, ఎవరు కళ్ళజోడు తీయరు. చివర్లో, కాస్త మొహమాటంగానే, ‘ఎవరెవరికి మాటల్లేవో కూడా చెప్పండి, తప్పుగా అనుకోకండి’ అన్నారు. మాకు ఉంది ఆ సమస్య. మా మావయ్యలిద్దరూ పొలం గట్టు దగ్గర వచ్చిన తగాదాతో నాలుగేళ్ళుగా మాట్లాడుకోరు. చెప్పడానికి నాకు సిగ్గేసింది కానీ చెప్పాను. పాత ఫొటోలు కూడా పంపమన్నారు. అమ్మమ్మ పెళ్ళినాటి స్టూడియో ఫొటో పంపాను. వెనక పెయింటింగ్ తెర, పక్కన స్టూలు మీద పూలకుండీ, తాతయ్య కుర్చీలో కూర్చుని, అమ్మమ్మ పక్కన కర్రలా నిలబడి.

బట్టల గురించి ఆవిడ చెప్పింది ఒక్కటే మాట, ‘అందరూ ఒకే రంగు వద్దు, మెరిసే తెలుపు వద్దు, మిగతాది మీ ఇష్టం.’ మా పిన్ని అప్పటికే అందరికీ ఒకే రంగు కుర్తాలు ఆర్డర్ పెట్టబోతోంది, ఆపాం. ఇప్పుడు ఫొటో చూస్తుంటే ఎంత మంచి పని చేశామో అనిపిస్తోంది, ఎవరి చీర వాళ్ళదే, ఎవరి పంచె వాళ్ళదే, మనుషులు మనుషుల్లా ఉన్నారు.

కనుమ రోజు ఉదయం తొమ్మిదిన్నరకి వచ్చారు. మొదట అమ్మమ్మ ఒక్కదాని ఫొటో. ఈ భాగం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నా దృష్టిలో మొత్తం షూట్‌లో విలువైనది ఇదే.

మండువా ఇల్లు ఫొటోకి చాలా బాగుంటుందని అందరూ అనుకుంటారు. కానీ మధ్యలో, ఆకాశం కింద మనిషిని నిలబెడితే వెలుగు నెత్తి మీంచి పడి కళ్ళ గుంటల్లో నీడలు వస్తాయి, ముక్కు కింద మీసంలా నీడ వస్తుంది. నేను ఎన్నోసార్లు ఆ తప్పు చేశాను. ఆవిడ అమ్మమ్మని వసారా అంచున, వాకిలి వైపు మొహం పెట్టించి కూర్చోబెట్టారు. వెలుగు ఏటవాలుగా మొహం మీదికి వచ్చింది, వెనక గది చీకటిగా ఉండడంతో మొహం ముందుకి తేలింది. కింద నీడలు తగ్గడానికి ఒక తెల్లటి థర్మాకోల్ షీటు అసిస్టెంట్ అబ్బాయి చేతికిచ్చి అమ్మమ్మ మోకాళ్ళ ముందు పట్టించారు. ఫ్లాష్ లేదు, లైటు మెత్తబరిచే గొడుగులు లేవు. 85 ఎంఎం లెన్సుతో (దూరం నుంచే మొహాన్ని దగ్గరగా చూపించేది) నాలుగడుగుల దూరంలో కాకుండా ఇంకా వెనక్కి జరిగి తీశారు. మొహానికి మరీ దగ్గరగా వెళ్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి వెళ్ళినట్టు పడతాయి, పెద్దవాళ్ళు కూడా కెమెరా మీదికొస్తుంటే బిగుసుకుపోతారు. కళ్ళజోడు మీద ఆకాశం మెరుస్తుంటే తీసేయమనలేదు, కాడలు చెవుల మీద పిసరంత పైకి ఎత్తారు, అద్దాలు కిందికి వాలాయి, మెరుపు పోయింది. ఇంత తేలికైన పని నాకు ఎవరూ చెప్పలేదు.

అసలు ఇబ్బంది లైటు కాదు, మేము. ఆవిడ వెనక పదిహేను మందిమి చేరిపోయి ‘అమ్మమ్మా నవ్వు, అమ్మమ్మా ఇటు చూడు’ అని అరుస్తున్నాం. అమ్మమ్మ ఒక్కొక్కరి వైపు చూస్తూ గాభరా పడిపోతోంది, పైట సర్దుకుంటోంది, పెళ్ళి ఫొటోలో ఉన్నట్టే భుజాలు బిగించేసింది. ఆవిడ కెమెరా దించేసి, ‘మీరంతా ఒక్క పది నిమిషాలు పెరట్లోకి వెళ్ళి రండి బాబూ’ అన్నారు. గొంతు పెంచలేదు, కానీ కదలకుండా ఉండలేని మాట. నన్నొక్కదాన్నే ఉండమన్నారు. అప్పుడు అమ్మమ్మ చేతికి బంతిపూలు, చేమంతులు, దారం ఇచ్చారు. దారం చివర కుర్చీ కోడుకి కట్టి, ‘సాయంత్రానికి గుమ్మానికి దండ కావాలండి అమ్మమ్మ గారూ, మీరే కట్టాలి’ అన్నారు. నిజంగానే సాయంత్రం ఆ దండ గుమ్మానికి కట్టాం, ఉత్తుత్తి పని కాదు. అమ్మమ్మ పూలు కట్టడం మొదలుపెట్టగానే భుజాలు దిగాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న బెంగ పోయింది.

అలా కడుతూ కడుతూ అమ్మమ్మే అంది, ‘మా పెళ్ళినాడు ఫొటోవాడు కదలొద్దన్నాడమ్మా, ఊపిరి కూడా బిగబట్టాను’ అని. ‘ఇప్పుడు మీ ఇష్టమొచ్చినట్టు కదలండి’ అన్నారు ఆవిడ. పాతకాలం స్టూడియోల్లో గాజు ప్లేటు మీద బొమ్మ పడడానికి చాలాసేపు పట్టేది, తల కదలకుండా మెడ వెనక ఇనుప స్టాండు కూడా పెట్టేవారట, ఆ బిగుసుకునే అలవాటు కెమెరాలు మారినా మన పెద్దవాళ్ళ ఒంట్లో ఉండిపోయింది. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే, ‘మీరు కాపురానికి వచ్చినప్పుడు ఈ వసారాలో ఏముండేది?’ అమ్మమ్మ తల తిప్పి ఆ మూలకి చూసి ‘ధాన్యం గాదె’ అంది. అంతే, టక్ టక్ మని నాలుగు. మా ఇంట్లో ఇప్పుడు గోడ మీద ఉన్నది ఆ చూపే. అందులో నవ్వు లేదు, దిగులూ లేదు, మా అమ్మమ్మ మాతో మాట్లాడేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆవిడ రోజంతా ఒక్కసారి కూడా ‘నవ్వండి’ అనలేదు. నవ్వమంటే నోరు సాగుతుంది, కళ్ళు సాగవు. డుషేన్ అనే ఫ్రెంచ్ వైద్యుడు 1862లోనే రాశాడు, నిజంగా సంతోషపడితే కదిలే కంటి చుట్టూ కండరం మనం అనుకున్నంత మాత్రాన కదలదని. నేను చదివి ఊరుకున్న విషయం అది, ఈవిడ దాన్ని పనిలో పెట్టారు.

ఒక చిన్న విషయం చెప్పాలి. తాతయ్య పడక కుర్చీ ఇంకా వసారాలోనే ఉంది. ఆవిడ దాన్ని ఫ్రేములో అమ్మమ్మ పక్కకి తెప్పించారు, ఖాళీ కుర్చీ ఉంటే తాతయ్య ఉన్నట్టుంటుందని ఆలోచన. నాకు కూడా నచ్చింది. అమ్మమ్మ చూసి, ‘అది తీసేయండమ్మా, అక్కడుంటే అందరూ దాన్నే చూస్తారు, నన్ను చూడరు’ అంది. మేం ఏమనాలో తోచక నిలబడిపోయాం. ఆవిడ ‘అలాగేనండి’ అని వెంటనే తీయించేశారు, రెండోసారి అడగలేదు. తన ఆలోచన మీద మమకారం ఉన్న ఫొటోగ్రాఫర్లు చాలామంది ఇక్కడ ‘ఒక్కటి తీసి చూద్దాం ఆంటీ’ అంటారు. ఈ ఒక్క విషయానికి నేను ఆవిడకి అయిదు స్టార్లు ఇస్తాను.

ఇక గ్రూప్ ఫొటో. మధ్యాహ్నం మూడుంపావుకి అనుకున్నాం. గారెలు, కోడికూర తిన్నాక సగం మంది నిద్ర, సగం మంది మగవాళ్ళు పందేల బరుల దగ్గర. అందరూ చేరేసరికి నాలుగూ ఇరవై. ఆవిడ కంగారు పడలేదు, ఎందుకంటే ఇల్లు తూర్పు ముఖం, సాయంత్రం ఎండ ఇంటి వెనక ఉంటుంది, ముందు వాకిలంతా చల్లటి నీడ, ఆకాశం నుంచి మెత్తటి వెలుగు, ఎవరి కళ్ళలోనూ ఎండ పడదు. సంక్రాంతికి పొద్దు ఆరింటికి ముందే గూకుతుంది, అయినా గంట పైనే చేతిలో ఉంది. వారం ముందు వచ్చి చూసింది దీనికే అన్నమాట.

ఆవిడ దగ్గర కాగితం మీద పెన్సిల్‌తో గీసిన బొమ్మ ఉంది, 31 గుండ్రాలు, ప్రతి దాని పక్కన వరస. మామూలుగా ఏం జరుగుతుందంటే అందరూ వచ్చి నిలబడ్డాక పెద్దవాళ్ళకి కుర్చీలు వెతుకుతాం, మొగుడూ పెళ్ళాల్ని పక్కపక్కన తెస్తాం, పొడుగువాళ్ళని వెనక్కి తోస్తాం, ఈలోపు పిల్లలు పారిపోతారు. ఈవిడ మొదట ఖాళీ వాకిట్లో అమ్మమ్మ కుర్చీ ఒక్కటే వేయించి, అమ్మమ్మని కూర్చోబెట్టి, చుట్టూ ఒక్కొక్కరినీ పేరు కాకుండా వరస పెట్టి పిలుస్తూ కట్టుకొచ్చారు. ‘పెద్దమావయ్య గారూ, మీరు అమ్మమ్మ గారికి కుడి పక్క.’ ‘చిన్నమావయ్య గారూ, ఎడమ పక్క.’ ఇద్దరినీ అమ్మమ్మ కుర్చీ చేతి మీద తలో చెయ్యి వేయమన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన పని లేదు, మధ్యలో అమ్మ ఉంది. ఇద్దరూ కాదనలేదు. ఫొటోలో ఆ రెండు చేతులే నాకు ముందు కనిపిస్తాయి.

అమ్మమ్మ సంగతి ఇంకొకటి, తాతయ్య పోయినప్పటినుంచి శుభకార్యాల్లో ఫొటో అనగానే వెనక్కి తప్పుకుంటుంది, ‘నేనెందుకే’ అంటుంది. ఎవరూ ఏమీ అనకపోయినా అంతే. ఈసారి తప్పుకోవడానికి వెనక ఏమీ లేదు, మొదట వేసిన కుర్చీ అమ్మమ్మదే. ఫొటోగ్రాఫర్ గారు కావాలనే అలా చేశారో లేదో నేను అడగలేదు.

కుర్చీల వరసలో ఏడుగురు, వెనక నేల మీద తొమ్మిదిమంది, ఆ వెనక అరుగు మీద తొమ్మిదిమంది, ముందు జంపఖానా మీద పిల్లలు ఆరుగురు. అరుగు ఎత్తు ఎక్కువ కాబట్టి పొడుగువాళ్ళని కింద ఉంచి, పొట్టివాళ్ళని పైకి ఎక్కించారు. నేను ఊహించింది దానికి పూర్తిగా ఉల్టా. తలలన్నీ తాడు పట్టినట్టు ఒకే గీతలో లేకుండా, ముందువాళ్ళ రెండు తలల మధ్య వెనక మొహం వచ్చేలా సర్దారు. ఎవరినీ ఛాతీ కెమెరాకి ఎదురుగా పెట్టి నిలబడనివ్వలేదు, చివర ఉన్నవాళ్ళందరూ కాస్త లోపలికి, అమ్మమ్మ వైపు తిరగాలి. బరువు వెనక కాలి మీద వేయాలి. మగవాళ్ళు చేతులు ముందు ముడుచుకుని ఫుట్‌బాల్‌లో ఫ్రీకిక్‌కి అడ్డంగా గోడ కట్టే ఆటగాళ్ళలా నిలబడతారు కదా, ఒక్కొక్కరికీ ఒక పని ఇచ్చారు, ఒకరు కుర్చీ వెనక పట్టుకోవాలి, ఒకరు కండువా, ఒకరు పక్కనున్న అబ్బాయి భుజం. లావుగా కనిపిస్తామని బాధపడే మా పెద్దత్తయ్యకి దగ్గరికి వెళ్ళి మెల్లగా, ‘గడ్డం కాస్త ముందుకి తెండి అత్తయ్య గారూ, ఆ తర్వాత పిసరు కిందికి’ అని తనే చేసి చూపించారు. మాటలతో చెప్తే అర్థం కాని పని అది, అద్దంలో చూసుకున్నట్టు ఎదురుగా చేసి చూపిస్తే ఎవరైనా చేస్తారు.

ఆడవాళ్ళ పైటలు, కుచ్చిళ్ళు, జారిన జడపూలు, వడ్డాణం పక్కకి తిరిగిపోవడం, ఇవన్నీ తనే వచ్చి సర్దారు. మగ ఫొటోగ్రాఫర్ అయితే దూరం నుంచి ‘మేడం, చీర’ అని ఊరుకుంటాడు, అది ఆయన తప్పు కాదు. ఇది మనకి కొత్త సంగతి కూడా కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్ దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం విడిగా జెనానా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడకి అప్పగించారు. పరదా ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళు మగవాడి ముందు కూర్చోరన్నది ఒక కారణమైతే, ఆడమనిషి ముందైతే కాస్త తీరుబడిగా కూర్చుంటారన్నది నా ఉద్దేశం. మా చిన్నమ్మమ్మ ఫొటోల్లో ఎప్పుడూ పైట నోటికి అడ్డం పెట్టుకుంటుంది, ఈసారి పెట్టుకోలేదు.

పిల్లల్ని ఆఖర్న పిలిచారు. పెద్దవాళ్ళందరూ సర్దుకున్నాక, కెమెరా సిద్ధమయ్యాక. వాళ్ళ ఓపిక అయిదు నిమిషాలే, ఆ అయిదు నిమిషాలు వృథా కాకూడదు. కెమెరా ట్రైపాడ్ మీద, గేటు దగ్గర కొబ్బరిచెట్టు పక్కన, ఆవిడ స్టీలు నిచ్చెన మీద. లెన్సు 50 ఎంఎం దగ్గర పెట్టుకుని అంత వెనక్కి వెళ్ళారు. దగ్గర నుంచి వైడ్ లెన్సుతో తీస్తే చివర నిలబడ్డవాళ్ళ తలలు, భుజాలు సాగిపోతాయి, పాపం ఎప్పుడూ చివర నిలబడేది అల్లుళ్ళూ కోడళ్ళే. అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8, ఫోకస్ రెండో వరస మీద. వరసల మధ్య జానెడు కన్నా ఎక్కువ ఖాళీ ఉండకూడదని, రెండుసార్లు అందరినీ దగ్గరికి జరిపారు.

తర్వాత కళ్ళ సంగతి. ‘అందరూ కళ్ళు మూసుకోండి. నేను ఒకటి, రెండు, మూడు అంటాను, మూడుకి తెరవండి.’ తెరిచిన వెంటనే రెప్ప పడే అవకాశం తక్కువ. అలా ఇరవై నాలుగు సార్లు తీశారు, నేను లెక్కపెట్టాను. రెప్పల మీద లెక్క కూడా ఉంది, ఆస్ట్రేలియాకి చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ కట్టారు, 2006లో దానికి గణితంలో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి) ఇచ్చారు. ఇరవై మంది లోపు ఉంటే, మంచి వెలుగులో మనుషుల సంఖ్యని మూడుతో భాగించినన్ని, వెలుగు తక్కువైతే రెండుతో భాగించినన్ని ఫొటోలు తీస్తే ఒక్కదాంట్లోనైనా అందరి కళ్ళూ తెరిచి ఉంటాయని దాని సారాంశం. మనుషులు పెరిగేకొద్దీ ఆ అవకాశం బాగా పడిపోతుంది. 2019లో మేం నలభై మంది పైనే ఉన్నాం, రెండు ఫొటోలు. ఇప్పుడు చెప్పండి, తాతయ్య కళ్ళు మూసుకోవడం ఆయన తప్పా? ట్రైపాడ్ కదలకుండా అన్నీ ఒకేచోట నుంచి తీస్తే, ఒకరి రెప్ప పడినా ఇంకో ఫొటోలోంచి ఆ మొహం తెచ్చి అతికించొచ్చు. మా ఫొటోలో పాప మొహం ఒక్కటే అలా మార్చారు, చెప్పి మరీ మార్చారు.

ఇప్పుడు నచ్చనివి.

సీన్లు. ఉదయం కొన్ని ‘పండగ సీన్లు’ తీశారు. గారెల సీను అద్భుతం, ఎందుకంటే అప్పుడు నిజంగానే గారెలు వండుతున్నారు, నూనె కాగుతోంది, పిన్ని తడి చేత్తో ఆకు మీద పిండి తట్టి వేలితో చిల్లు పెడుతోంది, అత్తయ్య ‘అది మాడుతోంది, చూడు’ అంటోంది. ఆవిడ చేసిందల్లా పొయ్యిని కిటికీ దగ్గరికి జరిపించడం, వెనక ప్లాస్టిక్ బకెట్లు తీయించడం. కానీ ముగ్గు సీను? ముగ్గు పొద్దున్నే వేసేశారు. వేసిన ముగ్గు మీద మా మరదల్ని వంగమని, పిండి లేని చెయ్యి గీత మీద పెట్టమని తీశారు. చూడగానే తెలిసిపోతుంది, వేళ్ళ మధ్య పిండి లేదు, కళ్ళు ముగ్గు మీద లేవు. కాసేపు ఆగి పక్కన ఇంకో నాలుగు చుక్కలు పెట్టించి ఉంటే సరిపోయేది. గాలిపటం సీను కూడా అంతే, గాలి లేదు.

జంటల ఫొటోలు ఇంకా తేలిపోయాయి. అమ్మా నాన్నా, మావయ్యలూ అత్తయ్యలూ, పిన్నీ బాబాయ్, నాలుగు జంటలకీ ఒకటే భంగిమ, తల తలకి ఆనించి, ఒక చెయ్యి గుండె మీద. మా నాన్న ముప్పై అయిదేళ్ళలో అమ్మ భుజం మీద నలుగురిలో చెయ్యి వేసిన మనిషి కాదు. ఆ ఫొటోలో ఆయన మొహంలో టెన్షన్ తప్ప ఏమీ లేదు. అమ్మమ్మ విషయంలో అంత కనిపెట్టి చూసిన ఆవిడ ఇక్కడ ఎందుకు తొందరపడ్డారో అర్థం కాలేదు. వాళ్ళిద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి ఉంటే చాలు, అలా కూర్చుని ఒకరు పేపర్ చదువుతూ ఇంకొకరు వింటూ ఉండడమే వాళ్ళ దాంపత్యం. గ్రూప్ ఫొటో అయ్యాక కజిన్స్ పదిహేను మందిమి మా ఫొటో అడిగాం, అప్పటికి ఆవిడ అలసిపోయారు, అందరినీ చేతులు కట్టించి వరసగా నిలబెట్టి మూడు నిమిషాల్లో ముగించారు.

అయినా పోలిక కోసం ఒక మాట. నిరుడు మా కజిన్ ప్రీవెడ్డింగ్ షూట్‌కి హైదరాబాద్ శివార్లలో సెట్లు వేసిన ఒక చోటికి తోడుగా వెళ్ళాను. ఎర్ర టెలిఫోన్ బూత్, నకిలీ విదేశీ వీధి, బురదలేని చెరువు. ఎనిమిది గంటలు, ఆరు జతల బట్టలు. ఆ టీమ్ ఫోన్‌లో వేరేవాళ్ళ ఫొటో చూపించి ‘సేమ్ ఇలాగే’ అనడం తప్ప ఇంకేం చెప్పలేదు. నిశ్చితార్థమై నెల కూడా కాలేదు, ఇద్దరికీ ఇంకా సరిగ్గా మాటలే కుదరలేదు, పెదాల దగ్గరికి పెదాలు తెమ్మంటే ఆ పిల్ల బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చింది. వాళ్ళని పక్కపక్కన నడవమని, దారిలో ఏదో ఒకటి మాట్లాడుకోమని వదిలేసి దూరం నుంచి తీస్తే బాగా వచ్చేవి. మోడల్స్‌కి అలవాటు, ఎలా నిలబడమంటే అలా నిలబడతారు. మామూలు మనుషులకి ఒంటిని ఎలా పెట్టాలో చెప్పే ముందు, ఏం చేయాలో చెప్పాలి. ఈ తేడా తెలియని వాళ్ళకి మీ ఇంటి పిల్లని అప్పగించకండి.

డెలివరీ. మూడు వారాలన్నారు, ఆరు వారాలు పట్టింది. రెండుసార్లు నేనే ఫోన్ చేయాల్సొచ్చింది, చేసినప్పుడు మాత్రం ఎత్తారు, సాకులు చెప్పలేదు. మొదట పంపిన ఫొటోల్లో అమ్మమ్మ చర్మం నున్నగా చేసేశారు, ముడతలన్నీ పోయి మైనపు బొమ్మలా ఉంది. ఎడిటింగ్ బయట ఎవరికో ఇస్తారట. మార్చమన్నాను, రెండు రోజుల్లో అసలు మొహం తిరిగొచ్చింది. మీరు ముందే చెప్పండి, పెద్దవాళ్ళ ముడతలు ముట్టుకోవద్దని, రాసి మరీ పంపండి. ఆల్బమ్‌లో గ్రూప్ ఫొటో రెండు పేజీల మీద పరిచారు, మడత సరిగ్గా మా బాబాయ్ మొహం మీదుగా వెళ్ళింది. ఆ షీటు మళ్ళీ వేయించి ఇస్తామన్నారు, ఇది రాసే నాటికి ఇంకా రాలేదు.

ఖర్చు 28,000 అయింది. ఒక రోజు, ఇద్దరు మనుషులు, అరవై ఎడిట్ చేసిన ఫొటోలు, ఒక ఆల్బమ్, 20×30 అంగుళాల ఫ్రేము ఒకటి. మా వైపు ఇది తక్కువేం కాదు, ఇంత డబ్బుకి డ్రోన్, వీడియో కూడా ఇచ్చేవాళ్ళున్నారు. నాకు మాత్రం వారం ముందు వచ్చి అరుగు కొలిచిన దానికే సగం డబ్బు చెల్లిపోయిందనిపించింది. గ్రూప్ ఫొటోకి, పెద్దవాళ్ళ ఫొటోకి అయిదుకి అయిదు. జంటల ఫొటోలకి రెండు. సీన్లకి మూడు. టైమ్‌కి ఇవ్వడంలో రెండు.

మీరు తీయించుకునేటట్టయితే, ఎవర్ని పిలిచినా సరే, ముందు వచ్చి చోటు చూస్తారా అని అడగండి. గ్రూప్‌కి ఎన్ని ఫొటోలు తీస్తారో అడగండి, ‘రెండు మూడు’ అంటే ఇంకొకరిని చూసుకోండి. ఎవరు ఎక్కడో మీ చేత కాగితం మీద గీయించుకునేవాళ్ళయితే ఇంకా మంచిది. ఇంట్లోవాళ్ళని కెమెరా వెనక చేరి అరవకుండా ఆపడం మీ పని. పెద్దవాళ్ళ ఫొటోలు పొద్దున్నే, వాళ్ళు తాజాగా ఉన్నప్పుడు తీయించండి, భోజనం తర్వాత వాళ్ళ కళ్ళు వాలిపోతాయి.

ఫ్రేము అమ్మమ్మ ఇంట్లో హాల్లో పెట్టాం. వారానికి అమ్మమ్మ దాన్ని తీయించి వంటింటి గుమ్మానికి ఎదురుగా కొట్టించుకుంది, రోజంతా తను ఉండేది అక్కడే కదా అని. గ్రూప్ ఫొటోకి ఇంకో రెండు కాపీలు కావాలని ఫోన్లొచ్చాయి, ఒకటి పెద్దమావయ్య, ఒకటి చిన్నమావయ్య, ఒకరికి తెలియకుండా ఒకరు. రెండూ అదే సైజు చెప్పాను.